అడవిలో ఒత్తు తీయు విద్య

గోదావరిఖనిలో బొగ్గుగనికి కొత్తగా చేరిన కార్మికుడు మొదటి దినముననే గనిలోనికి దిగడు. ముందుగా శిక్షణ కేంద్రమునకు పోవును. పైకప్పు ఎట్లుండునో, ఊత ఎట్లు నిలుపవలెనో, దీపము, టోపీ, బూట్లు ఎందుకు ధరింపవలెనో, అపాయ సూచన వినబడినప్పుడు ఏ దారిని బయటికి రావలెనో అచ్చట నేర్చుకొనును. గని పనివారి వృత్తిశిక్షణకు నియమావళి మన దేశములో 1966లో వచ్చెను. నేడు రామగుండము ప్రాంతమున ఏ కార్మిక కుటుంబమును అడిగినను ఒకే మాట చెప్పుదురు: శిక్షణ లేని మనిషిని కప్పు కిందికి పంపరాదు.

ఆ మాటనే మేము ఈ పూట గని పైకి, చెట్ల నీడకు తీసికొని రాదలచినాము. గోదావరికి ఈవల పెద్దపల్లి జిల్లాలోను, ఆవల మంచిర్యాల జిల్లాలోను, దిగువన మహాదేవపురము వైపునను టేకు అడవులు కలవు. టేకుతో కలసి నల్లమద్ది, చిరుమాను, బిల్లుడు, తునికి, ఇప్ప, మోదుగ పెరుగును. ఇవి గాక అటవీశాఖ నాటించిన టేకు తోటలు, అటవీ అభివృద్ధి సంస్థ పెంచు నీలగిరి తోటలు, సింగరేణి సంస్థ తన భూములలోను, ఓపెన్‌కాస్టు మట్టికుప్పల మీదను పెంచిన చెట్లు వేరుగా కలవు. నాటి పెంచిన తోటలో కొన్ని ఏండ్లకొకసారి కొన్ని చెట్లు తీసివేయవలసి వచ్చును. ఆ పనికి పోవువారు ఒక జట్టుగా పోవుదురు. ఒకరు రంపము పట్టుదురు, ఒకరు కొమ్మలు కొట్టుదురు, ఇద్దరు ముగ్గురు దుంగలు దొర్లింతురు, నీలగిరి అయినచో బెరడు ఒలుచువారు ఉందురు, బండివాడు ఎడ్లతో లాగించును, మేస్త్రీ లెక్క వ్రాసికొనును. తలపై బొగ్గు కప్పు ఉన్నవానికి ఇంత జాగ్రత్త నేర్పిన మనము, తలపై కొమ్మల కప్పు ఉన్నవారికి ఏమి నేర్పుచున్నాము? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము లేదు. గని కార్మికునివలె కూపు పనివానిని ఒక పాఠశాల గుండా పంపు ఆచారము మన ప్రాంతమున ఇంకను స్థిరపడలేదు.

బొగ్గుగనికిని అడవికిని గల సంబంధము కొత్తది కాదు. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనుగొనెను. 1889లో అచ్చట తవ్వకము మొదలయ్యెను. అది మొదలు చాలకాలము గని కప్పును మోసినది అడవి కర్రయే. ఊతగా నిలిపిన దుంగలు, అడ్డముగా పేర్చిన దిమ్మెలు, వాటి నెత్తిన బిగించిన చీలలు, అన్నియు చెట్టు ఇచ్చినవే. క్రమముగా ఇనుప ఊతలు వచ్చినవి, కప్పులోనికే బిగించు ఉక్కు బోల్టులు వచ్చినవి, ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. కర్ర వాడుక తగ్గినది. అయినను పాత కార్మికులు కర్ర ఊతను గూర్చి ఒక మంచి మాట చెప్పుదురు. బరువు మించినప్పుడు అది విరుగుటకు ముందు కిర్రుమని మూలుగును. ఆ మూలుగు విని మనిషి పక్కకు తప్పుకొనును. కర్ర ముందుగా చెప్పి విరుగును. ఈ సంగతి మరల మనకు అవసరపడును.

ముందుగా అసలు పని ఏమిటో తెలిసికొనవలెను. చెట్టు నాటుట పుణ్యము, కొట్టుట పాపము అని పెద్దలనుండి వినుచు పెరిగినవారము మనము. కనుక పెంచిన తోటలో గొడ్డలి చప్పుడు వినబడగానే మనసు కలుక్కుమనును. కాని జొన్న చేనిలో రైతు ఏమి చేయునో ఆలోచింపుడు. గింజలు దగ్గర దగ్గరగా పడి మొలకలు గుంపుగా వచ్చినచో, ఒత్తుగా నున్న మొక్కలను పీకి మిగిలినవాటికి చోటు చేయును. ఒత్తు తీయని చేను పచ్చగా కనబడునే గాని కంకి వేయదు. చెట్ల తోటకును అదే న్యాయము. టేకును సాధారణముగా రెండు మీటర్ల ఎడముతో నాటుదురు. అట్లు నాటినచో హెక్టారునకు 2,500 మొక్కలు పట్టును. చిన్ననాట అంత దగ్గరగా ఉండుట మంచిదే. ఒకదానితో ఒకటి పోటీపడి, పక్క కొమ్మలు వేయక నిటారుగా సాగును. నేల సారమును బట్టి ఐదారేండ్లు గడచునప్పటికి తలలు ఒకదాని నొకటి ఒరసికొనును, వేళ్లు ఒకే తడికి పెనుగులాడును. అప్పుడు వరుస విడిచి వరుస తీసి సగము చెట్లను, అనగా 1,250 చెట్లను, తొలగింతురు. పదవ యేట ప్రాంతమున మరల తీయుదురు. పిదప వరుసను బట్టి కాక చెట్టును చూచి, వంకర పోయినదానిని, చీడపట్టినదానిని, సాటి చెట్టు నీడలో క్రుంగినదానిని ఏరి తీయుదురు. చివరకు ముదిరి నిలుచునవి మొదట నాటినవాటిలో చాల కొద్ది.

ఈ పద్ధతి మన దేశమునకు పాతదే. మలబారులోని నిలంబూరులో కలెక్టరు కానలీ పూనికతో చాతు మేనన్ టేకు తోటలు వేయించినది 1840ల దశకములో. ఇష్టము వచ్చినట్లు కొట్టుటకును వీలు లేదు. అడవిలో చెట్లు తీయుట కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన కార్యప్రణాళిక ప్రకారమే జరుగవలెనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఆదేశించెను. 2012లో ఏర్పడిన కవ్వాల పులుల రక్షణ కేంద్రపు నడిమి భాగము వంటి చోట్లను గూర్చి మేము చెప్పుట లేదు. మనిషి నాటి పెంచిన తోటలను గూర్చియే ఈ ప్రసంగము.

బొగ్గు ప్రాంతపు శ్రోతలకు ఈ పనిని ఒక్క పోలికతో చెప్పవచ్చును. గదులు, స్తంభములుగా బొగ్గు తీయు గనిలో తీసిన బొగ్గు బండ్లకెక్కి పైకి పోవును. తీయక విడిచిన బొగ్గు స్తంభమై కప్పును మోయును. గని క్షేమము తీసినదానిలో లేదు, విడిచినదానిలో ఉన్నది. ఒత్తు తీయు పనియు అట్టిదే. కూపులో పడిన చెట్టు డిపోకు పోవును. నిలిచిన చెట్టు ఇంకను నలుబది ఏబది ఏండ్లు అచ్చటనే ఉండి తోట అనిపించుకొనవలెను. దాని బెరడు చెక్కుకొనిపోయినచో, వేరు నలిగినచో, తల విరిగినచో, ఒత్తు తీసిన ఫలము పోయినట్లే. ఆ గాయమున తేమ చేరును, బూజు చేరును, లోపల డొల్ల పడును. ముప్పది ఏండ్ల తరువాత దుంగను కోసినవాడు గాని ఆ నష్టమును చూడడు. అందువలన ఈ పనికి బలము చాలదు; చూపు కావలెను, చేతికి అలవాటు కావలెను. దానినే మేము విద్య యనుచున్నాము.

కలప కొట్టుట ఎంత అపాయకరమైన పనియో ఊరివారి కంతగా తెలియదు. చాల దేశములలో అడవి పని మిక్కిలి ప్రమాదకరమైన పరిశ్రమలలో ఒకటియని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో ప్రకటించిన అడవి పనుల భద్రతా సూత్రములలో చెప్పెను. అమెరికా వంటి ధనిక దేశములోను, ప్రాణనష్టపు రేటులో కలప కొట్టువారి వృత్తి ఏటేట మొదటి స్థానమునకో దాని చేరువకో వచ్చుచుండును. పైగా ఒత్తు తీయు తోటలో అపాయము మరియొక రీతిగా పెరుగును. బయట ఒంటరిగా నున్న చెట్టును కొట్టినచో అది నేల మీద పడును. ఒత్తుగా నున్న తోటలో కొట్టిన చెట్టు నేలకు రాక పక్క చెట్టు కొమ్మలలో చిక్కి వ్రేలాడును. తీగలు అల్లుకొన్న చోట ఒక చెట్టు పడుచు రెండవదాని కొమ్మను లాగికొని వచ్చును. ఎండిన కొమ్మ మాత్రము చప్పుడు లేక వెనుకనుండి దిగును.

దీనికి తోడు పనిముట్టు మారినది. గొడ్డలితో కొట్టు కాలమున దెబ్బకు దెబ్బకు నడుమ నిశ్శబ్దము ఉండెడిది. మాను లోపల నార తెగు చప్పుడు వినబడెడిది. తోడివాని కేక వినబడెడిది. గని కర్రవలెనే చెట్టును ముందుగా చెప్పి పడెడిది. యంత్రపు రంపము మ్రోత నూరు డెసిబెల్లు దాటును. ఆ మ్రోతలో చెట్టు చెప్పుమాట వినబడదు, మనిషి కేకయు వినబడదు. గొడ్డలి పని తండ్రినుండి కొడుకునకు వచ్చినది. యంత్రపు రంపము అంగడినుండి వచ్చినది. దానితో పాటు దానిని పట్టు విద్య రాలేదు. తరతరములుగా అడవిలో నున్నవారికి క్రొత్తగా నేర్పునదేమి యని అడుగువారికి ఇదియే సమాధానము. గోండు, కోలాము, నాయకపోడు పెద్దలకు చెట్టు వాలు, గాలి జాడ, మాను గుణము తెలిసినంతగా మన పుస్తకములకు తెలియదు. ఆ తెలివిని శిక్షణ త్రోసివేయరాదు, దాని మీదనే నిలువవలెను. కాని నిమిషమునకు వేల మారులు తిరుగు యంత్రము వారికిని కొత్తయే.

శిక్షణలో నేర్పవలసిన మొదటి పాఠము, రంపము ముట్టుకొనక ముందు చేయు పని. గనిలో సర్దారు కర్రతో కప్పును తట్టి చూచును. గట్టిగా మ్రోగినచో సరి. డొల్ల చప్పుడు వచ్చినచో మనుషులను వెనుకకు పిలుచును. చెట్టు దగ్గరను అట్లే గొడ్డలి వెనుక భాగముతో మానును తట్టి చూడవలెను. డొల్ల మాను చెప్పిన వైపున పడదు. పిదప చుట్టును తిరిగి తల ఎటు వాలినదో, కొమ్మల బరువు ఎటున్నదో, ఎండిన కొమ్మ కలదా, తీగ పక్క చెట్టున కలిసినదా అని చూడవలెను. తీగలను ముందే కోయవలెను. చెట్టు పడవలసిన దిక్కును నిశ్చయించుకొని, దానికి వెనుకగా, కుడి ఎడమలకు ఏటవాలుగా, తప్పుకొను దారులు రెండు శుభ్రము చేసికొనవలెను. పొదలో కాలు చిక్కి పడిపోవుటయే చాల ప్రమాదములకు మూలము. చెట్టు ఎత్తునకు రెండింతల దూరములో రంపము పట్టినవారు తప్ప ఎవ్వరు ఉండరాదు. చెట్టు పన్నెండు మీటర్లున్నచో ఇరువది నాలుగు మీటర్లు. బెరడు ఒలుచు స్త్రీలు, వారి వెంట వచ్చిన పిల్లలు, బండివాడు, అందరికిని ఈ లెక్క వర్తించును. ఈ దూరమును కాపాడుట మేస్త్రీ బాధ్యత.

రెండవ పాఠము కోత. పడవలసిన వైపున ముందుగా ఒక గాటు పెట్టవలెను. దాని లోతు మాను అడ్డుకొలతలో ఐదవ వంతునుండి నాలుగవ వంతు. పిదప వెనుకనుండి, గాటు అడుగుకంటె ఒకటి రెండు అంగుళములు ఎత్తుగా, అడ్డముగా కోయుచు రావలెను. పూర్తిగా తెంపరాదు. రెంటికి నడుమ పదవ వంతు మందమున కర్రను విడువవలెను. ముప్పది సెంటీమీటర్ల మానులో మూడు సెంటీమీటర్లు. ఆ విడిచిన పట్టీ తలుపునకు బందు వంటిది. బందు ఉన్నంతవరకు తలుపు తన దారినే తిరుగును. బందు ఊడిన తలుపు ఎవరి మీద పడునో చెప్పలేము. చెట్టు కదలుట మొదలు కాగానే రంపము ఆపి, ముందుగా చూచి పెట్టుకొన్న దారిని వెనుకకు నడువవలెను. చెట్టును చూచుచు నడువవలెను, వీపు త్రిప్పి పరుగెత్తరాదు. ఇంతయు కాగితము మీద పది వాక్యములు. చేతికి పట్టుపడుటకు మాత్రము పదుల చెట్లు కావలెను.

మూడవ పాఠము యంత్రమును గూర్చినది. రంపపు పట్టీ కొన పైభాగము కొమ్మకో దుంగకో తగిలినప్పుడు రంపము రెప్పపాటులో ముఖము మీదికి ఎగదన్నును. కొనతో కోయకుండుట, రెండు చేతులతో బొటనవ్రేళ్లు చుట్టి పట్టుట, భుజము పైకి రంపము నెత్తకుండుట, గొలుసును ఆపు బ్రేకును పని మొదలు పెట్టుటకు ముందు పరీక్షించుట, ఇవి అలవాటు కావలెను. తలకు టోపీ, కంటికి జాలి, చెవులకు కాపు, కాళ్లకు గొలుసును పట్టి ఆపు ప్రత్యేకపు తొడుగు, గట్టి బూట్లు ఉండవలెను. ఏండ్ల తరబడి యంత్రపు అదురునకు వ్రేళ్లు తెల్లబడి మొద్దుబారును. కనుక రంపమును దినమంతయు ఒకరే పట్టక వంతుల చొప్పున పట్టవలెను. మ్రోతలో కేకలు పనికిరావు గనుక ఈలకును చేతి సైగకును జట్టంతయు అలవాటు పడవలెను. వేడి యంత్రములో పెట్రోలు పోయరాదు. మాఘ ఫాల్గుణముల నుండి టేకు ఆకు రాలి నేలంతయు ఎండుటాకు పరచినట్లుండును. ఒక్క నిప్పురవ్వ చాలును.

నాలుగవది చిక్కిన చెట్టు. కొట్టిన చెట్టు పక్కదానిలో చిక్కినప్పుడు, మోయుచున్న చెట్టును కూడ కొట్టివేయుదమని తోచును. ఇంతకు మించిన మృత్యుద్వారము కూపులో వేరొకటి లేదు. చిక్కిన చెట్టు కిందికి పోరాదు, దాని మీదికి మరియొక చెట్టును పడవేయరాదు, దానిని విడిచి భోజనమునకును పోరాదు. కొక్కెపు మోకుతోనో త్రాటితోనో దూరమునుండి త్రిప్పి లాగవలెను. సాధ్యము కానిచో చుట్టును గుర్తులు పెట్టి, మనుషులను దూరముగా ఉంచి, నేర్పరిని పిలిపింపవలెను. గాలికి కూలిన చెట్లు ఇంకను కష్టము. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలిన సంగతి శ్రోతలకు జ్ఞాపక ముండును. అట్లు ఒకదాని మీద ఒకటి వంగి పడిన మానులలో విల్లు ఎక్కుపెట్టినంత బిగువు ఉండును. ఏ వైపు బిగువో, ఏ వైపు నొక్కుడో గుర్తింపక రంపము పెట్టినచో దుంగ ఎగిరి కొట్టును. అట్టి విపత్తు వచ్చిన దినమున శిక్షణ మొదలు పెట్టలేము. ముందే నేర్చిన చేతులు సిద్ధముగా ఉండవలెను.

మనిషి క్షేమమునకు నేర్పు పాఠములే అడవి క్షేమమునకును పనికివచ్చును. చెట్టును అనుకొన్న వైపున పడవేయగలిగినవాడు నిలుచు చెట్టును గీయడు. టేకు, నీలగిరి మొద్దునుండి మరల పిలకలు వేయును. మొద్దును నేలకు దగ్గరగా, వాన నీరు నిలువకుండ కొంచెము వాలుగా, బెరడు చీలకుండ కోసినచో మంచి పిలక వచ్చును. మోకాలెత్తున చీల్చి విడిచినచో కలపయు పోవును, పిలకయు పోవును. దుంగలను ఇష్టము వచ్చిన దారిని ఈడ్వక, ముందే గుర్తు పెట్టిన ఒకటి రెండు దారులనే ఈడ్చవలెను. చిన్న దుంగలకు ఎడ్లు మేలు. నల్లరేగడి తడిసియున్నప్పుడు ట్రాక్టరు దిగినచో నేల గట్టిపడి ఏండ్ల తరబడి విత్తు మొలవదు. వాగు ఒడ్డున చెట్లను విడువవలెను. వాగులోనికి కొమ్మలు త్రోయరాదు. ఇప్పను, తునికిని ముట్టుకొనరాదు; ఆ పువ్వు, ఆ ఆకు చుట్టుపట్ల పల్లెలకు వేసవి కూడు. చిలుకలు, గుడ్లగూబలు కాపురముండు తొర్ర చెట్టు దారికి అపాయము కానిచో దానిని కూడ ఉండనీయవలెను. నరికిన కొమ్మలను నిలుచు చెట్ల మొదట కుప్ప వేయరాదు; నిప్పు వచ్చినప్పుడు ముందుగా కాలునవి అవే. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 1996లో వెలువరించిన కలప సేకరణ ఆదర్శ నియమావళిలోను సారాంశ మిదియే: ముందుగా పథకము, గుర్తుపెట్టిన దారి, అదుపులో పడు చెట్టు, పని ముగిసిన పిమ్మట పరిశీలన.

ఈ విద్యను ఎచ్చట నేర్పవలెను? ఊరి నడుమ హాలులో బొమ్మలు చూపినంత మాత్రమున రాదు. కూపులోనే నేర్పవలెను. మొదట నేలలో పాతిన దుంగ మీద గాటు, వెనుక కోత అభ్యసింపజేయవలెను. పిదప చిన్న చెట్టు, తరువాత పెద్దది. ఈ చదువులో ఒక సౌకర్యము కలదు: పరీక్షాపత్రము నేలలోనే నిలిచి యుండును. చెట్టు పడిన తరువాత మొద్దును చూచినచో గాటు లోతు ఎంతో, బందు సమముగా విడిచెనో లేదో, ఒక వైపు తెగిపోయెనో అంతయు తెలియును. గురువు దండింపనక్కరలేదు, మొద్దు దగ్గర శిష్యుని నిలిపి చూపిన చాలును. అక్షరములు రానివారికి కూడ ఈ పత్రము చదువవచ్చును. రంపము పట్టినవానికి మాత్రమే నేర్పిన చాలదు. జట్టంతటికిని, ముఖ్యముగా మేస్త్రీకి, నేర్పవలెను. గాయపడిన వానికి రక్తము కట్టుట, దారి లేని అడవినుండి మోసికొని వచ్చుట జట్టులో ఇద్దరికైనను తెలియవలెను. ఏటేట కూపు తెరచుటకు ముందు ఒకటి రెండు దినములు మరల అభ్యాసము జరుగవలెను.

బొగ్గు ప్రాంతమునకు ఈ విషయమున ఒక అనుకూలము కలదు. శిక్షణ అనగా నేమో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. గని శిక్షణ కేంద్రములు కలవు. నేర్పు అనుభవము గలవారు, పదవీ విరమణ చేసిన సర్దారులు, ఓవర్‌మన్‌లు ప్రతి వాడలో కలరు. హైదరాబాదు దగ్గర దూలపల్లిలో అటవీ అధికారుల శిక్షణాలయము కలదు. ములుగులో అటవీ కళాశాల కలదు. అధికారికి విద్య ఉన్నది, గని కార్మికునికి విద్య ఉన్నది. ఈ రెంటి నడుమ గొడ్డలి పట్టినవాడు ఉన్నాడు. అటవీశాఖయు, అటవీ అభివృద్ధి సంస్థయు, సింగరేణి సంస్థయు చేతులు కలిపినచో ఒక శీతకాలములో రామగుండము చుట్టుపట్ల తోటలలో కొన్ని జట్లకైనను పూర్తిగా నేర్పుట అసాధ్యము కాదని మా నమ్మకము.

అయితే ఒక్క సంగతిని దాచరాదు. ఎంత నేర్పినను, కూలి ఇచ్చు పద్ధతి మారనిచో శిక్షణ నిలువదు. టన్నునకింత, దుంగకింత అని కూలి కట్టినచోట చెట్టు చుట్టును తిరిగి చూచిన సమయమునకు కూలి లేదు. తప్పుకొను దారి శుభ్రము చేసినందుకు కూలి లేదు. చిక్కిన చెట్టును జాగ్రత్తగా దింపిన గంటకు కూలి లేదు. అందువలన నేర్చినవాడు కూడ నేర్చినదానిని విడిచి తొందరపడును. పద్ధతి ప్రకారము పనిచేయు జట్టు దినమునకు ఎన్ని చెట్లు తీయగలదో ముందుగా కొలిచి, దానినిబట్టి రేటు కట్టవలెను. నిలిచిన చెట్లకు గాయము కాకుండ కూపును అప్పగించిన జట్టునకు కొంత అదనము ఈయవలెను. టోపీ, బూట్లు కూలివాని సంచినుండి కాక పని ఇచ్చువాని ఖర్చులో చేరవలెను. తొందర లేని జట్టు తక్కువ కలప పాడుచేయును, తక్కువ చెట్లను గాయపరచును. గుత్తేదారు లెక్క వేసి చూచినచో అందులో అతనికిని నష్టము కనబడదు.

చట్టము కూడ ఈ పనిని మరువలేదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టపు అనుబంధములో చెట్లు నరకు పని, దుంగలు తరలించు పని పేరు పెట్టి చేర్చబడినవి. కాని పరిహారము అందుటకు పనివాని పేరు ఎచ్చటనైనను వ్రాసి యుండవలెను గదా! హాజరు పట్టీలో పేరు లేని మనిషి చెట్టు కింద పడినప్పుడు అతడు ఎవరి పనిలో నుండెనో చెప్పువారు ఉండరు. కనుక శిక్షణలో మొదటి దినమున మొదటి పని, జట్టులో ప్రతి ఒక్కరి పేరును పుస్తకమున వ్రాయుట కావలెను. శిక్షణ ముగిసిన పిమ్మట చేతికిచ్చు చిన్న ధ్రువపత్రము గౌరవమునకే కాదు, అపాయమున ఆ కుటుంబమునకు ఒక ఆధారము.

ఈ ప్రసంగమును ఇంట కూర్చుండి వినువారిలో అడవికి పోవువారు కొద్దిమందియే కావచ్చును. అయినను మన తలుపు చట్రము, మంచపు కోడు, పిల్లల పుస్తకపు కాగితము, ఇవి ఏదో ఒక కూపునుండి వచ్చినవే. మీ గ్రామము పక్కన తోటలో చెట్లకు గుర్తులు పెట్టుట కనబడినప్పుడు, చెట్లను ఎందుకు కొట్టుచున్నారని అడుగుటతో ఆగక, కొట్టువారికి ఎవరు నేర్పినారు, వారి తలకు టోపీ కలదా, వారి పేరు పుస్తకమున ఉన్నదా అని కూడ అడుగుడు. గనిలో ఈ ప్రశ్నలను అడిగి అడిగి సాధించుకొన్నవారు ఈ ప్రాంతపు ప్రజలు. అడవిలో ఆ ప్రశ్న అడుగుటకు వారికంటె అర్హులు లేరు.